గోడ అదరకూడదు

మా ముత్తాతగారు శృంగవరపుకోట దిగువన తొమ్మిది ఊళ్ళకి మొఖాసాదారు. శిస్తులు వసూలు చేసి, తగవులు తీర్చి, చెరువు గట్లు వేయించిన మనిషి. మా తాతగారు జిల్లా బోర్డు సభ్యులు. ఆయన పట్టుబట్టి వేయించిన రోడ్డు మీదే ఇప్పటికీ సంతకి బళ్ళు వెళుతున్నాయి. మా నాన్నగారి కాలానికి ఎస్టేట్లు రద్దయ్యాయి. ఆయన ఏ పదవీ చెయ్యలేదు. కానీ పెళ్ళికి వెళితే ముందు వరసలో కుర్చీ ఖాళీ చేసేవారు, ఆయన వద్దనకుండా కూర్చునేవారు. వద్దంటే ఇచ్చినవాడికి చిన్నతనం అనేవారు.

ఈ ముగ్గురూ గరిడీలో మట్టి పులుముకున్నవాళ్ళే. విజయనగరంలో ఉన్న మా లోగిలికి పడమటి వైపున గరిడీ ఇల్లు ఉండేది. పొడవాటి పెంకుటిల్లు, లోపల ఒక్క స్తంభం లేదు, అడ్డుగోడ లేదు. జల్లించిన ఎర్రమట్టిలో మజ్జిగ, నువ్వుల నూనె, పసుపు కలిపి నేల చేసేవారు. దండీలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ, చివరికి సంగిడి రాళ్ళు. సంగిడి అంటే చెయ్యి పట్టు దొరికేలా తొలిచిన బండ. జాతర్లలో మా వైపు కుర్రాళ్ళు ఇప్పటికీ పందెం వేసుకుని ఎత్తుతారు. భుజం దాకా లేపి వెనక్కి విసిరేస్తే దభీమని పడుతుంది, చూసేవాళ్ళు కేకలు వేస్తారు. ఎక్కడైనా పద్ధతి అదే.

మా గరిడీలో మాత్రం అలా కాదు. ఎత్తినవాడే దించాలి, చప్పుడు కాకుండా దించాలి. చప్పుడైతే ఎత్తినట్టు లెక్కలేదు.

ఆ చట్టం పెట్టింది మా ముత్తాతగారు కాదు, మా ముత్తమ్మగారు. గరిడీ తూర్పుగోడకి అవతల ఘోషా ఆడవాళ్ళ గదులు. ఇవతల రాయి పడితే అవతల గూట్లో దీపం ఆరిపోయేది, పాలగిన్నె ఒలికిపోయేది, పురిటి పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఒకసారి ఆవిడ దాసీ చేత కబురు పంపారట. "మీ బలం మీరు చూపించుకోండి, మాకేం అభ్యంతరం లేదు. మా గోడ మాత్రం అదరకూడదు." ఎదుటపడి మాట్లాడే అలవాటు లేని ఇల్లాలు గోడ అవతల నుంచి అన్న మాట అది. ఆ రోజు నుంచి మా గరిడీలో రాయి నేలకి దిగేదే గాని పడేది కాదు.

చుట్టుపక్కల గరిడీలవాళ్ళు ఎగతాళి చేసేవారట. "మీరు సంగిడి ఎత్తుతున్నారేటి, ఉయ్యాల్లో పిల్లని పడుకోబెడుతున్నారేటి?" అని. మా ముత్తాతగారు "బరువు మొయ్యడం ఎద్దుకీ వచ్చు. దించడం మనిషికే వచ్చు" అనేవారట. మా నాన్నగారు నాకు రాయి పట్టు నేర్పినప్పుడు మొదట చెప్పిన మాట అదే. గోడ అవతల మా అమ్మగారు ఉండేవారు. నేను రాయి దించగానే ఆవిడ గాజుల చేత్తో గోడ మీద ఒకసారి తట్టేవారు. తట్టారంటే చప్పుడు వినబడిందని. తట్టకపోతే మా నాన్నగారు మీసం దువ్వుకునేవారు.

రాష్ట్రం రెండు ముక్కలైన మరుసటి ఏటికి మాకు మిగిలింది గరిడీ ఇల్లు, దాని గోడకి ఆనుకున్న మూడు గదులు. మిగతా లోగిలి వాటాలు పడి ఎవరి ముక్క వాళ్ళు అమ్ముకున్నారు. అప్పట్లో ఊళ్ళో ఎక్కడ విన్నా భోగాపురం విమానాశ్రయం కబుర్లే. ఆ పక్కన మాకొక జీడితోట ఉండేది, మా నాన్నగారు ఎప్పుడో అమ్మేశారు. "ఇప్పుడుంటే ఎంత పలికేదండీ బాబుగారూ!" అని పలకరించినవాడల్లా అనేవాడు. అమ్మిన భూమి ధర అడగడం మా ఇంట్లో అలవాటు లేదని చెప్పేవాణ్ణి. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూసేవాణ్ణి. పొందూరు ఖద్దరు చొక్కా నేనే ఉతుక్కుని, గంజి పెట్టుకుని, ఇస్త్రీ చేసుకుని స్కూటరు మీద వెళ్ళేవాణ్ణి. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడేవాడు. హెడ్‌మాస్టరుకి అతను లేచేవాడు కాదు.

మాకు ఒక్కతే అమ్మాయి. అప్పటికి తొమ్మిదో తరగతి. పదో ఏట షటిల్ రాకెట్టు పట్టింది, ఇక వదల్లేదు. పొడగరి. గాల్లోకి లేచి స్మాష్ కొడితే కాక్ నెట్టు దాటగానే నేలకి కరుచుకునేది. ఆ కొట్టడం చూసి నేను మా తాతగారి చెయ్యి గుర్తు చేసుకునేవాణ్ణి. ఆయన ఫొటోలో గద పట్టుకున్న చెయ్యి సరిగ్గా అలాగే ఉంటుంది.

ఆ వేసవిలో దాని కుడి మోకాలు నొప్పి మొదలైంది. మొదట ఆట తరవాత, తరవాత ఆటలో, చివరికి మెట్లు దిగేటప్పుడు కూడా. డాక్టరు చిప్ప కింద వాపు ఉందన్నాడు. "కొన్నాళ్ళు ఆపాలి. తరవాత ఇలాగే ఆడితే మళ్ళీ వస్తుంది. రెండు మూడుసార్లు తిరగబెట్టిందంటే ఆట మానిపించడమే" అన్నాడు. అమ్మాయి స్కూటరు మీద వెనక కూర్చుని ఇంటిదాకా నా చొక్కా పట్టుకుంది. అది అలా పట్టుకోవడం మానేసి చాలా కాలమైంది.

దాని కోచ్ శ్రీకాకుళం వైపు మనిషి. సన్నగా, నల్లగా, ఎప్పుడూ మెళ్ళో విజిల్‌తో ఉంటాడు. మర్నాడు అతన్ని కలిశాను.

"మీ పాపకి గెంతడం వస్తాది బాబుగారూ, దిగడం రాదు" అన్నాడు మొహమాటం లేకుండా. "పైకి లెగిసి కొట్టీసి, కిందకి వచ్చీసరికి రాటలాగ నిలువుగా పడతాది. బరువంతా ఆ చిప్ప మీదే. దసరా ఎల్లినాక శ్రీకాకుళంలో సెలక్షన్లు. అప్పటికి దిగడం నేర్సుకుంటే పేరు పంపుతాను. నేకపోతే పంపను. పంపితే ఆ కాలు నేనే ఇరగ్గొట్టినట్టు అవుతాది."

"నేర్చుకుంటుంది" అన్నాను.

"ఎక్కడండి? ఈ సిమెంటు మీదా? జిమ్ములో ఫంక్షనల్ ట్రైనింగని పెట్టారట, తీసుకెళ్ళి సూపించండి."

ఆ జిమ్ము మెయిన్ రోడ్డు మీద బట్టలకొట్టు పైఅంతస్తులో కొత్తగా తెరిచారు. కొట్టు షావుకారుది. వాళ్ళ తాతల కాలం నుంచీ మాకు తెలిసిన కుటుంబం. ఆయనే స్వయంగా మెట్లెక్కించి తీసుకెళ్ళాడు. అద్దాలు, ఏసీ, ఎర్ర రంగు యంత్రాలు. విశాఖపట్నం నుంచి తెచ్చిన ట్రైనర్ కుర్రాడు అమ్మాయి చేత నాలుగు అడుగులు వేయించి, ఒంటికాలి మీద నిలబెట్టి, ఒకసారి గెంతించి చూశాడు. తరవాత తల గోక్కున్నాడు.

"సార్, ఈ పాపకి మిషన్ మీద కూర్చుని తన్నే వ్యాయామం పనికిరాదు. ఆటలో ఎవరూ కూర్చుని తన్నరు కదా. ముందుకి అడుగెయ్యాలి, పక్కకి వంగాలి, గెంతి దిగాలి, ఒక్కసారి ఆగాలి. ఆటలో ఏం చేస్తామో అది నెమ్మదిగా, బరువుతో చెయ్యాలి. దానికి మిషన్లు కాదు, ఖాళీ నేల కావాలి." చుట్టూ చూశాడు. "మా దగ్గర అన్నీ ఉన్నాయి, అది లేదు."

షావుకారు గట్టిగా నవ్వాడు. "సూసేరా బాబుగారూ, ఇంత డబ్బు పోసి కొన్నాక ఖాళీ కావాలంటన్నాడు ఈడు! పోనీ మీ పాప పొద్దున్నే రానీండి, రెండు మిషన్లు పక్కకి జరిపిస్తాను. మీ దగ్గర ఫీజేటి తీసుకుంటాను?"

మంచిమాటే అన్నాడు. కానీ మా ఇంటి పిల్ల ఊరకే ఎవరి నేల మీదా నిలబడదు. నేను నిటారుగా నిలబడి, "షావుకారుగారూ, ఖాళీయే కావాలంటే మా ఇంట్లో బోలెడు ఉంది. మీ కుర్రాణ్ణి, కోచ్‌గారిని మా గరిడీకి పంపండి. కోచ్‌గారి దగ్గర ఆడే పిల్లలందరినీ రమ్మనండి. ఫీజు నేనూ తీసుకోను" అన్నాను.

ఆయన "అలాగేనండి. అయితే మా రబ్బరు బెల్టులు, బంతులు పంపుతాను. అవైనా తీసుకోండి, నేకపోతే నాకు తిన్నది అరగదు" అన్నాడు. బెల్టులకి ఒప్పుకున్నాను.

గరిడీ తలుపు చాలా ఏళ్ళ తరవాత తీశాం. విరిగిన మంచాలు, పాత తలుపులు బయట పడేశాను. నేల తవ్వించి, రాళ్ళు ఏరించి, మళ్ళీ మట్టి జల్లించి పరిపించాను. నూనె, పసుపు నా చేత్తోనే కలిపాను. శృంగవరపుకోట నుంచి మా మేనత్త కొడుకు ఆ వారమే ఏదో పని మీద వచ్చాడు. వరసకి బావ. గుమ్మంలో నిలబడి చూసి, మొహం ముడుచుకున్నాడు.

"ఏటి బావా, ఆడపిల్లని గరిడీలోకి దింపుతన్నావా? మన తాతలు వింటే ఏమంటారు?"

"తాతలు ఏమంటారో గాని, ముత్తమ్మగారు సంతోషిస్తారు. ఈ గరిడీకి చట్టం రాసింది ఆవిడే."

"ఆవిడ ఏనాడైనా లోపలికి అడుగు పెట్టేరేటి?"

"అందుకే ఇది పెడుతోంది" అన్నాను. బావ కాఫీ తాగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గడప దగ్గర వంగి మట్టి కళ్ళకద్దుకున్నాడు. అది నేను చూడనట్టు ఊరుకున్నాను.

తెల్లవారగానే పిల్లలు వచ్చేవారు. ఆరేడుగురు, అందరూ పద్నాలుగు పదిహేనేళ్ళవాళ్ళు. బూట్లు బయట విడవాలన్నాను. ఒక కుర్రాడు "మా బూట్లు కొత్తవండి, పోతాయేమో" అన్నాడు. "ఈ గడప దగ్గర పూర్వం ఏనుగు అంకుశాలు పెట్టి లోపలికి వచ్చేవారు, ఒక్కటి పోలేదు" అన్నాను. ట్రైనర్ కుర్రాడు మాత్రం నా మాటకి మెచ్చుకున్నాడు. వట్టి పాదంతో చేస్తేనే వేళ్ళు నేలని పట్టుకుంటాయట, మడమకి బుద్ధి వస్తుందట.

కోచ్ ముగ్గుపిండితో నేల మీద కోర్టు గీశాడు. నాలుగు మూలలకీ, రెండు పక్కలకీ పరుగెత్తి, ప్రతి చోటా ఒక పెద్ద అడుగు వేసి మోకాలు మడిచి ఆగాలి, మళ్ళీ మధ్యకి రావాలి. రబ్బరు బెల్టు కాళ్ళకి వేసుకుని పీతల్లా పక్కకి నడవాలి. ఒంటికాలి మీద నిలబడి బంతి విసరాలి, పట్టాలి. రెండు చేతులా ఇసక సంచులు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. ట్రైనర్ ఒక్కోదానికీ ఒక ఇంగ్లీషు పేరు చెప్పేవాడు. నేను గోడ వార నిలబడి, "ఇది బస్కీ. ఇది దండీ. ఆ సంచుల నడక మా గరిడీలో బిందెల నడక" అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవారు. ట్రైనర్ నవ్వలేదు. తన ఫోనులో ఆ పేర్లు రాసుకున్నాడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దిగడం. గుమ్మం దగ్గరున్న రాతి మెట్టు ఎక్కి, అక్కడి నుంచి కిందికి గెంతి, నిలబడాలి. మిగతా పిల్లలకి నాలుగు రోజుల్లో వచ్చేసింది. మా అమ్మాయికి రాలేదు. అది దిగితే మట్టి నేల మీద కూడా దబ్‌మనేది.

మొదటి రోజే గోడ మీద గాజుల చెయ్యి తట్టింది.

పిల్లలు బెదిరిపోయారు. "అవతల ఎవరండీ?" అన్నాడు కొత్త బూట్ల కుర్రాడు.

"మా మామ్మ" అంది మా అమ్మాయి.

మా నాన్నగారు పోయినా అమ్మగారు చేతి బంగారు గాజులు తియ్యలేదు. అప్పటికి ఆవిడకి చూపు మందగించింది. చెవి మాత్రం తగ్గలేదు. పెళ్ళై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ గోడ అవతలే ఉన్నారు. గరిడీలో ఒక్కరోజు అడుగు పెట్టలేదు. అయినా రాయి దిగిన చప్పుడు విని, ఎవరు దించారో, ఏ చెయ్యి ముందు వదిలిందో చెప్పేవారు. ఇప్పుడు కొత్త పని దొరికింది ఆవిడకి. గోడ మీద పైన గాలి కోసం పెట్టిన చిన్న కిటికీ ఉంది. దాని కింద కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. అక్కడి నుంచి కేకలు వినబడేవి.

"ఎవడ్రా ఆ దూకినవాడు, పనసకాయ రాలినట్టు!"

"నేనేనండి మామ్మగారూ!"

"ఎడమకాలు ముందు వేశావు. రెండూ ఒకేసారి పెట్టు."

కుర్రాడు కోచ్ వంక చూసేవాడు. కోచ్ నెమ్మదిగా, "ఆవిడ సెప్పినట్టు సెయ్యరా, నాకు కనబడంది ఆవిడకి ఇనబడతంది" అనేవాడు. పిల్లలు ఆవిణ్ణి "థర్డ్ అంపైర్" అనడం మొదలుపెట్టారు. ఆ మాటకి అర్థం చెప్పించుకుని ఆవిడ సంతోషించారు. ఆవిడ తట్టకుండా దిగడం పిల్లలకి పెద్ద పందెమైంది. ఒక్కొక్కళ్ళే గెలిచారు.

మా అమ్మాయి దిగిన ప్రతిసారీ గాజులు మోగేవి. వానలు పడుతున్నాయి, దసరా దగ్గర పడుతోంది. ఒకరోజు కోచ్ విసిగిపోయాడు.

"ఒంగాలి తల్లీ! ఒంగితేనే మోకాలు బతుకుతాది. అలా ఈటెలాగ దిగితే ఎలాగ?"

అమ్మాయి ఊపిరి పీల్చుకుంటూ, "మా నాన్నగారు వంగొద్దంటారండి" అంది.

పిల్లలు నవ్వలేదు. అందరూ నా వైపు చూశారు. నిజమే. కూర్చున్నా, నడిచినా, అన్నం తిన్నా వెన్ను నిటారుగా ఉండాలని దానికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెప్పాను. మా నాన్నగారు నాకు చెప్పారు, వాళ్ళ నాన్నగారు ఆయనకి చెప్పారు. ఇప్పటికీ అదే చెబుతాను. ఉన్నవన్నీ పోయినా మాకు మిగిలిన ఆస్తి అది. నా కూతురు దాన్ని వదులుకోవాలని నేను అనను.

నేను చొక్కా విప్పి దండెం మీద వేసి, మూలకి వెళ్ళాను. సంగిడి రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. పెద్దవి కాదు, మధ్య రాయి పట్టుకున్నాను. నేను రాయి ముట్టుకుని ఎన్నో ఏళ్ళైంది. ఎత్తాను. భుజం దాకా వచ్చింది. కోచ్ "జాగర్త బాబుగారూ" అనడం వినబడింది. ఒక్క ఊపిరి ఆగి దించడం మొదలుపెట్టాను. మా నాన్నగారు చెప్పినట్టే, ముందు పిరుదులు వెనక్కి వెళ్ళాయి, తరవాత తుంటి మడతపడింది, తరవాత మోకాళ్ళు. వెన్ను ఎక్కడా వంగలేదు. రాయి మట్టిని తాకింది. గోడ అవతల నుంచి గాజులు మోగలేదు.

"చూశావా, నా వెన్ను వంగిందా?" అన్నాను అమ్మాయితో.

"లేదు నాన్నగారూ."

"వెన్ను వంచమని ఎవరూ అనడం లేదు. మడవాల్సింది తుంటి. వెన్ను వంగితే కుంగడం. తుంటి మడిస్తే దించడం. రెండిటికీ తేడా ఉంది."

కోచ్ చేతిలో విజిల్ తిప్పుతూ, "నేను ఒంగమన్నది అదే బాబుగారూ, మాటే తప్పు సెప్పేను" అన్నాడు.

గోడ అవతల నుంచి మా అమ్మగారి గొంతు వచ్చింది. "ఒసే, నిన్ను నువ్వే రాయి అనుకోవే. రాయిని దించినట్టు నిన్ను దించుకో."

అమ్మాయి చంటి రాయి ఎంచుకుంది. చిన్నపిల్లలకి నేర్పేందుకు మా తాతగారు చేయించిన రాయి అది. అంతవరకు ఏ ఆడపిల్ల చెయ్యీ పడలేదు దాని మీద. ఎత్తింది, దించింది. గాజులు మోగాయి. మళ్ళీ ఎత్తింది. మోగాయి. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఒకసారి మోగలేదు. అప్పుడు రాయి వదిలేసి, మెట్టు ఎక్కి, చేతులు ఖాళీగా కిందికి గెంతింది. నేను దాన్ని చూడలేదు, గోడ వైపు చూశాను. కోచ్ కూడా గోడ వైపే చూశాడు. ఆరుగురు పిల్లలూ గోడ వైపే చూస్తున్నారు.

గోడ అవతల చాలాసేపు నిశ్శబ్దం. తరవాత మా అమ్మగారు అడిగారు, "ఏటర్రా, ఇంకా గెంతలేదా?"

ఆ రోజు గరిడీలో లేచినంత కేక మా ముత్తాతగారి కాలంలో కూడా లేచి ఉండదు.

అక్కడి నుంచి రోజూ రాయితో మొదలు, రాయి లేకుండా చివర. మెల్లిగా నొప్పి తగ్గింది. డాక్టరు మోకాలు నొక్కి, వంచి, చాచి చూసి ఆడుకోవచ్చన్నాడు. కోచ్ పేరు పంపాడు.

శ్రీకాకుళంలో సెలక్షన్లు చెక్క నేల కోర్టులో జరిగాయి. మూడు జిల్లాల పిల్లలు వచ్చారు. రాష్ట్రం టీముకి మొదటి ఇద్దరినీ తీసుకుంటామన్నారు. షావుకారు తన కారు పంపుతానన్నాడు. బస్సులోనే వెళ్ళాం. చెక్క నేల మీద ఏ అడుగైనా గట్టిగా వినబడుతుంది. మా అమ్మాయితో సెమీఫైనల్లో ఆడిన పిల్ల విశాఖపట్నంది, బలమైన పిల్ల. అది గెంతి దిగినప్పుడల్లా కుర్చీలు అదిరేవి. గ్యాలరీలో నా పక్కన కూర్చున్న పెద్దాయన, "ఆ పిల్లకేం బలమండీ! నేల దద్దరిల్లిపోతోంది" అన్నాడు నాతో.

"అవునండీ" అన్నాను.

ఇంకాసేపయ్యాక ఆయనే మళ్ళీ, "ఆ రెండో పిల్ల అసలు గెంతుతోందా లేదా? చప్పుడే రావడం లేదు" అన్నాడు.

"గెంతుతోంది. అది మా అమ్మాయి" అన్నాను.

మొదటి గేమ్ పోయింది. రెండోది గెలిచింది. మూడో గేమ్ సగానికి ఆ విశాఖ పిల్ల అలిసిపోయి కాళ్ళు ఈడ్చడం మొదలుపెట్టింది. మా అమ్మాయి మాత్రం మొదటి గేమ్‌లో ఎలా లేచిందో అలాగే లేచి కొట్టింది. ఆఖరి పాయింటు స్మాష్‌తోనే వచ్చింది. కాక్ నేలకి తగిలిన టప్‌మన్న చప్పుడు ఒక్కటే వినబడింది. దాని కాళ్ళు ఎప్పుడు నేల మీదికి వచ్చాయో నేను కళ్ళతో చూశాను గాని, చెవులకి అందలేదు. ఫైనల్లో ఓడిపోయింది. అయినా ఇద్దరిలో ఒకతె. టీములో పేరు ఉంది.

బయటికి వచ్చి ఇంటికి ఫోను చేశాను. మా ఆవిడ ఫోను మా అమ్మగారి చెవి దగ్గర పెట్టింది.

"గెలిచిందా?" అని అడగలేదు ఆవిడ. "కాలు నొప్పి ఉందా?" అన్నారు.

"లేదమ్మా."

"గోడ అదిరిందా?"

"అదరలేదు."

"సరే" అని ఫోను ఇచ్చేశారు. మా ఆవిడ తరవాత చెప్పింది, అప్పుడు మా అమ్మగారు కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నారని.

రాష్ట్రం టీములో ఆడిన పిల్లలకి వేరే జిల్లాలో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో చోటిచ్చారు. అక్కడ చెక్క నేల ఉంది, ఫిజియో ఉంది, హాస్టలు ఉంది. చోటు వాళ్ళిచ్చారు, ఖర్చు మనది. షావుకారు మళ్ళీ వచ్చి, "పిల్ల మన ఊరి పిల్ల, నేను సూసుకుంటాను బాబుగారూ" అన్నాడు. ఆయన మనసు మంచిది. ఆయనకి కాఫీ ఇచ్చి, నేను చెప్పాల్సింది చెప్పాను. మా పిల్ల ఊరకే ఎవరి నేల మీదా నిలబడదు. ఆయన మట్టి నేల వంక చూసి, "అయితే బేరం మాట్లాడుకుందామా?" అన్నాడు. మర్యాదగా అడిగాడు. మర్యాదగానే మాట్లాడుకున్నాం.

సంగిడి రాళ్ళు బేరంలో పెట్టలేదు. పెద్దవి రెండూ, మధ్య రాయీ ఊరి ఇండోర్ కోర్టుకి ఇచ్చాను. కోచ్ వాటిని గుమ్మం దగ్గర పెట్టించి, కొత్తగా వచ్చే పిల్లలకి దించడం నేర్పుతున్నాడు. చప్పుడైతే తనే గోడ మీద తడతాడట. చంటి రాయి మా అమ్మాయి హాస్టలుకి బట్టల పెట్టెలో పట్టుకెళ్ళింది. బస్సు కండక్టరు పెట్టె ఎత్తలేక, "ఇందులో ఏటి పెట్టేరమ్మా, రాళ్ళా?" అన్నాడట. "ఒక్కటేనండి" అందట. పెట్టె తనే ఎత్తి, పైన తనే దించుకుందట.

ఆ మాఘమాసంలో గరిడీ ఇల్లు, దాని వెనక జాగా, మా అమ్మగారి గదికీ గరిడీకీ మధ్య ఉన్న గోడ షావుకారుకే అమ్మేశాం.